శనివారం రిపేరు.. ఆదివారం రాముడు

దూరదర్శన్ రోజుల మీద బెంగ అందరికీ ఉంది. ఆ రోజుల లెక్క మాత్రం తాడేపల్లిగూడెంలో ఒక రిపేరు షాపు పద్దు పుస్తకంలో ఉంది.

ఎడిటర్‌గారి పురమాయింపు సూటిగానే ఉంది. "పాత టీవీ కార్యక్రమాల మీద ముఖచిత్ర కథనం. రామాయణం రావాలి, చిత్రలహరి రావాలి, శాంతిస్వరూప్ రావాలి. చదివినవాళ్లకి కళ్లు చెమర్చాలి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోతాయి."

కళ్లు చెమర్చడం దగ్గరే నాకు పేచీ. 'ఆ రోజులే వేరు' బాపతు కథనాల్లో వీధి వీధంతా ఒకే ఇంట్లో చేరి టీవీ చూస్తుంది. ఎవరూ ఎవర్నీ కసురుకోరు. కరెంటు పోతే పకపకా నవ్వుకుంటారు. మా పశ్చిమగోదావరిలో సరిగ్గా సీతాపహరణం వేళకి కరెంటు పోతే జనం సబ్‌స్టేషన్ మీదికి వెళ్లేవారు. నవ్వినవాళ్లెవరూ నాకు గుర్తు లేరు.

అందుకని నటుల్నీ అనౌన్సర్లనీ పక్కనపెట్టి, ఇంటింటికీ బొమ్మ తెప్పించినవాళ్ల కోసం తిరిగాను. ఏలూరు పవర్‌పేటలో ఒకప్పటి టీవీ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అడిగిన ప్రతివాళ్లూ "ఆ రోజుల్లో.." అని మొదలుపెట్టి అందరూ చెప్పిందే చెప్పారు. తాడేపల్లిగూడెంలో మాత్రం, ఉల్లిపాయల మార్కెట్ ఘాటు తగిలే ఒక సందులో, షట్టరు సగం దించిన షాపులో ఓ పెద్దాయన దొరికారు. రేడియోలతో మొదలుపెట్టి టీవీల్లోకి వచ్చిన మెకానిక్.

"జ్ఞాపకాలు నన్నడక్కండి బాబూ, సగం మర్చిపోయాను. పుస్తకం ఉంది, కావాలంటే చూసుకోండి" అని మనవడి చేత అటక మీంచి పద్దు పుస్తకం దింపించారు. తన పేరు వేయొద్దన్నారు. ఆ పుస్తకం తెరిచాక ఎడిటర్‌గారి జాబితా నా జేబులోనే ఉండిపోయింది.

బొమ్మ ఉంది, మాట లేదు

పొడుగాటి పుస్తకం. ఎర్ర గుడ్డ అంటించిన వీపు, చెదలు తిన్న మూలలు. 1986 చివర్లో మొదలవుతుంది. పేజీ పేజీకీ స్కేలుతో గీసిన ఆరు గళ్లు: తేదీ, ఊరు-ఇంటిపేరు, సెట్టు, కంప్లైంటు, ఖర్చు, బాకీ. సెట్టు గడిలో ఇప్పటి పిల్లలు వినని పేర్లు: సాలిడేర్, డయనోరా, ఈసీ, క్రౌన్, వెస్టన్, టెలివిస్టా. ఈసీ మన హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్లది. సాలిడేర్, డయనోరా మద్రాసు సరుకు. చెక్కపెట్టె, ముందు పక్కకి జరిపే తలుపులు, కొన్నింటికి తాళం కూడాను.

అసలు సరదా కంప్లైంటు గడిలో ఉంది. "బొమ్మ ఉంది, మాట లేదు." "మాట ఉంది, బొమ్మ లేదు." "అడ్డగీత ఒక్కటే." "బొమ్మ పైకి దొర్లుతోంది." "సాయంత్రం పూట బొమ్మ చిన్నదవుతోంది."

అడ్డగీత అంటే, బొమ్మని తెర మీద పైనుంచి కిందికి పరిచే సర్క్యూట్ దెబ్బతిని అంతా మధ్యలో ఒక్క తెల్లగీతగా మిగలడం. దొర్లే బొమ్మకి వెనకాల ఉండే వి-హోల్డ్ మర తిప్పితే చాలు. ఆ మర పిల్లలు తిప్పడం వల్లే సగం సెట్లలో బొమ్మ దొర్లేదట. సాయంత్రం బొమ్మ కుంచించుకుపోవడం సెట్టు తప్పు కాదు. ఊళ్లో దీపాలూ మోటార్లూ ఒక్కసారి వేసేసరికి వోల్టేజి పడిపోయేది. "దానికి నేనేం రిపేరు చేస్తానండీ? స్టెబిలైజరు అమ్మేవాణ్ణి" అన్నారు పెద్దాయన.

యాంటెనాల పద్దులు వేరే ఉన్నాయి. ఏలూరు డాబాల మీద కడ్డీలన్నీ విజయవాడ వైపు చూసేవి. గూడెం దాకా వచ్చేసరికి ఆ సిగ్నల్ నీరసపడేది. టీవీ తరంగాలు దాదాపు తిన్నగానే పోతాయి కాబట్టి ఎత్తు ఎంతుంటే బొమ్మ అంత నయం. డెల్టాలో కొండలు అడ్డం రావు గానీ దూరం అడ్డమే. అందుకే "గొట్టం ఇంకో పదడుగులు", "బూస్టరు" అన్న మాటలు పేజీ పేజీకీ కనిపిస్తాయి. కొల్లేటి వైపు ఊళ్ల పద్దుల్లో మరో తరహా రోగాలు: "చెమ్మకి వైరు తుప్పు", "ఎలక కొరికింది", "కొంగలు వాలి కడ్డీ వంగింది". సరస్సుకి అన్ని దేశాల నుంచీ వచ్చే పిట్టలకి ఊరందరి కంటే ఎత్తున ఉన్న అల్యూమినియం కడ్డీ కంటే మంచి కొమ్మ ఏముంటుంది?

నాకు బాగా నచ్చిన పద్దు ఇది: "బ్యాటరీ వైర్లు తిరగేశారు. ఫ్యూజు, ఒక డయోడు." చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లు 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచేవి. కరెంటు లేనప్పుడు ట్రాక్టరు బ్యాటరీ ఊడబీకి టీవీకి తగిలించేవారు. చీకట్లో, తొందర్లో, ఎర్ర వైరు నల్ల చోట పెడితే అంతే. ఆ తొందరంతా ఏ కార్యక్రమం కోసమో చెప్పడానికి పక్కనే తేదీ ఉంది. ఆదివారం.

రాముడు అప్పటికే ముఖ్యమంత్రి

1987 మొదటి నెలల నుంచి పుస్తకం తీరు మారుతుంది. శనివారం పేజీలు నిండిపోతాయి. 'అర్జంటు' అన్న మాట కింద రెండేసి గీతలు పడతాయి. రామానంద్ సాగర్ రామాయణం ఆ ఏడాది జనవరి 25న, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైంది. ముందు 52 భాగాలనుకున్నది 78కి పెరిగింది. 1988 జులై 31న ముగిసింది. దానికి ముందురోజు, జులై 30 నాటి పద్దులో పెద్దాయన చేతిరాత: "రేపు పట్టాభిషేకం. ఎలాగైనా." ఖర్చు గడిలో అంకె లేదు. ఎందుకని అడిగితే, "రాముడి పట్టాభిషేకానికి డబ్బులేంటండీ" అన్నారు. వెంటనే, "పార్టేమీ పోలేదు లెండి, టంకం ఊడిందంతే" అని కూడా అన్నారు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఉత్తరాదిలో టీవీ రాముడు అరుణ్ గోవిల్ కాళ్లకి మొక్కారని చాలా రాశారు. తెలుగువాళ్ల పరిస్థితి వేరు. 'లవకుశ' 1963లో వచ్చింది. ఆ సినిమాలో రాముడు 1987లో ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. రాముణ్ణి చూడాలంటే మనకి యాంటెనా అక్కర్లేదు, ఏదో ఒక సభకి వెళితే చాలు. "గోవిల్ బాగానే చేశాడండీ. ఎన్టీవోడి తర్వాత ఎవరైనా బాగానే చేశాడనే అనాలి" అని పెద్దాయన తీర్పు. రావణుడి సంగతి వస్తే ఇంకా కష్టం. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావుని చూసిన కళ్లకి ఏ రాక్షసుడు ఆనతాడు?

అయినా చూశారు, ఎగబడి చూశారు. కథ ముందే తెలియడం ఒక కారణమని నా లెక్క. హిందీ రాకపోయినా ఎక్కడా అర్థం కాకపోవడం లేదు. పైగా టైటిల్స్‌లో సాగర్ చెప్పుకున్న ఆధారాల్లో వాల్మీకి, తులసీదాసుల సరసన మన రంగనాథ రామాయణం పేరూ ఉంది. 'హమ్‌లోగ్' అలా కాదు. 1984 జులై 7న మొదలైన ఆ మధ్యతరగతి ఇంటి కథ తెలియాలంటే పక్కన హిందీ వచ్చినవాళ్లుండాలి. హిందీ ప్రచారసభ వాళ్ల 'మధ్యమ' పాసైన అక్కయ్యకి ఆ కాసేపూ కలెక్టరంత హోదా. చివర్లో అశోక్‌కుమార్ వచ్చి చెప్పే నీతి ముక్క దగ్గర ఆవిడా చేతులెత్తేసేది. "మంచిగా ఉండమంటున్నాడు" అని తేల్చేసేది. విభజన నాటి లాహోర్ కుటుంబం కథ 'బునియాద్' మా వైపు జనానికి అంతగా ఎక్కకపోవడానికి కారణం ఆ కథలో లోపం కాదు, ఆ పక్కన అక్కయ్య లేకపోవడమే.

చరిత్ర కూడా ఉండాలి కాబట్టి గబగబా ఒక పేరా. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1977 అక్టోబరు 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించారు. 1982లో రంగులొచ్చాయి. 1983 నవంబరు 14న తెలుగు వార్తలు. 1984లో దేశమంతటా రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు, మా వైపు డాబాల మీద కడ్డీలు మొలవడం ఆ తర్వాతే. 1995లో జెమిని, ఈటీవీ. 2014లో రాష్ట్రంతో పాటు దూరదర్శనూ రెండుగా చీలింది: అటు యాదగిరి, ఇటు సప్తగిరి. చరిత్ర అయిపోయింది.

బాక్సు: అప్పటి వారం

శుక్రవారం సాయంత్రం చిత్రలహరి. సినిమా పాటల ముక్కలే అయినా వారమంతా దానికోసమే. 2019లో వచ్చిన సినిమాకి అదే పేరు పెట్టుకున్నారంటే ఆ అరగంట బలం తెలుస్తుంది. వారాంతంలో ఒక తెలుగు సినిమా. ఆదివారం పొద్దున పురాణం. మధ్యాహ్నం బధిరుల వార్తలు, వాటి వెనకే ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం. అస్సామీ సినిమా అయినా, ఒరియా సినిమా అయినా కదలకుండా చూసినవాళ్లున్నారు, మన వంతు ఎప్పుడొస్తుందోనని. 'జాబులు-జవాబులు'కి కార్డు ముక్క రాసి, తన పేరు చదువుతారేమోనని చెవులు రిక్కించినవాళ్లు ఊరికి ఒకరైనా ఉంటారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందో బ్రహ్మ' మర్నాడు క్లాసులో మళ్లీ ఆడేది, వేరే నటులతో.

ఇంకో సంగతి. ఎనభైల తొలినాళ్ల దాకా రేడియోకి లాగే టీవీకీ పోస్టాఫీసులో లైసెన్సు ఉండేది. ఏటా 50 రూపాయలు.

కిటికీ అవతల

పద్దు పుస్తకంలో ఒక లోటుంది. అందులో సెట్టున్న వాళ్లే ఉన్నారు. చూసినవాళ్లు లేరు. ఊరు-ఇంటిపేరు గడిలో కొల్లేటి లంకల పేర్లు వెతుక్కుంటూ కైకలూరు దాటి లోపలికి వెళ్లాను. ఎనభైల్లో ఆ పల్లెలకి టీవీని తెచ్చింది చేపల చెరువుల డబ్బు. అప్పటిదాకా నీరు ఎండితే దాళ్వా వరి, నిండితే చేపల వేట. చెరువుల గట్లు లేచాక కొందరికి చేతినిండా సొమ్మాడింది. దారి సరిగ్గా లేని లంకలకి సెట్టు దోనె మీద వెళ్లింది, పైన గోనెపట్టా కప్పి.

ఒక లంకలో, ఇప్పుడు అరవై దాటిన ఒకావిడ చెప్పింది వినండి. "ఆసామి గారింట్లో ఉండేదయ్యా టీవీ. కుర్చీలు ఆళ్ల చుట్టాలకి. చాప ఆళ్ల పిల్లలకి. వసారాలో మాస్టారూ, కరణంగారి తాలూకు. మాకు కిటికీ. ముందొచ్చినోళ్లకి ఊచలు, ఎనకొచ్చినోళ్లకి ముందోళ్ల తలకాయలు. బొమ్మ కనపడేది, మాట ఇనపడేది కాదు. ఇనపడినా హిందీయే గదా!"

హనుమంతుడు వచ్చిన వారం కొబ్బరికాయ కొట్టేవారట. ప్రసాదం ఊచల్లోంచి అందేది. సినిమా వేసిన రోజున మాత్రం కొన్ని ఇళ్లలో మనిషికి పావలా. రామాయణానికి డబ్బులడగలేదు, పాపమని.

తర్వాత వాళ్లూ ఒక సెట్టు కొన్నారు. కొన్నాక కిటికీ దగ్గరికి వచ్చినవాళ్లని లోపలికి పిలిచేవారా అని అడిగాను. పిలిచేదాన్నని ఆవిడ చెబుతుందనే అనుకున్నాను. ఆవిడ నవ్వేసింది. "నేనూ మా అత్తా చేసిన మొదటి పని కిటికీ రెక్కలు మూయడం. దుమ్మొత్తందని చెప్పేవాళ్లం."

ఇంత నిజం నేనీ విషయం మీద ఇంతవరకు ఎక్కడా చదవలేదు. 'ఊరంతా కలిసి చూశాం' అన్నది చాప మీద కూర్చున్నవాళ్ల జ్ఞాపకం. పత్రికల్లో రాసేవాళ్లలో ఎక్కువమంది చాప మీది పిల్లలే, నాతో సహా. కిటికీ అవతలివాళ్లకి టీవీ అంటే కార్యక్రమం ఒక్కటే కాదు, ఎవరి గడపలోకి ఎంతవరకు వెళ్లొచ్చో కొలిచి చూపించిన పెట్టె. గుడి, బావి, టీ కొట్టు అన్నిచోట్లా ఉన్న వరసే ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఇంకోసారి కూర్చునేది. కిటికీకి రెక్కలు పడటంలో కసి లేదు. సొంత సెట్టు వచ్చిన ప్రతి ఇంట్లోనూ జరిగిందే అది. ఊరందరికీ సెట్లొచ్చేసరికి కిటికీ అవతల నిలబడేవాళ్లు లేకుండా పోయారు. ఆ పాత ఉమ్మడి చూపు పోయిందని నేనేడవను. దాన్ని పోగొట్టిన హైర్ పర్చేజీ స్కీములకి ఒక దండం పెడతాను.

1990 మే

పుస్తకంలో మళ్లీ శనివారాలు బరువెక్కేది మహాభారతం నాళ్లలో. 1988 అక్టోబరు 2 నుంచి 94 భాగాలుగా సాగిన కథ. 1990 మే మొదటివారం దాకా పేజీలు మామూలుగానే ఉన్నాయి. మే 9న, బుధవారం, తుపాను కృష్ణా డెల్టా దగ్గర తీరం దాటింది. దాదాపు వెయ్యిమంది పోయారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మే 10 నుంచి ఆ నెలంతా పుస్తకంలో రెండే రెండు రకాల పద్దులు. "నీళ్లలో మునిగింది." "యాంటెనా గొట్టంతో సహా."

మునిగిన సెట్టుని వెంటనే వేయకూడదు. వెనక మూత తీసి, మంచినీళ్లతో బురద కడిగి, రోజుల తరబడి ఎండబెట్టి, అప్పుడు వేయాలి. షాపు ముందు రోడ్డు మీద వరసగా సెట్లు పెట్టి ఎండబెట్టారట. దారినపోయే ఒకాయన "వడియాలా?" అని అడిగాడని పెద్దాయన ఇప్పటికీ చెప్పుకుంటారు. జూన్ 24న మహాభారతం ఆఖరి భాగం. దానికి ముందు రోజు శనివారం పేజీలో ఒక్క గడీ ఖాళీ లేదు. నెలన్నర కిందట బురదలో తేలిన ఊళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి. కప్పుకి తాటాకు వేయించుకున్నారో లేదో గానీ సెట్టు బాగుచేయించుకున్నారు. దీన్ని పిచ్చి అనాలో, బతికాం అని చెప్పుకునే తీరు అనాలో నేను తేల్చలేను.

బాక్సు: చదవలేదు, చెప్పారు

తెలుగు దూరదర్శన్‌లో తొలి వార్తలు చదివిన శాంతిస్వరూప్‌కి టెలిప్రాంప్టర్ లేదు. కాగితం మీద ఉన్నది బుర్రకెక్కించుకుని, ఇంటికొచ్చిన మనిషిలా ఎదురుగా చూస్తూ చెప్పేవారు. భోపాల్ దుర్ఘటన మీద 'రాతిమేఘం' నవల కూడా రాశారు. 2011లో రిటైరై, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. మెకానిక్ పెద్దాయనకి ఆయనతో వృత్తిపరమైన బంధం ఉంది. రిపేరయిన సెట్టు సరిచూసుకోవడానికి రాత్రి ఏడుగంటల వార్తలే కొలబద్ద. "ఆయన మొహం గుండ్రంగా వస్తే సెట్టు ఇచ్చేయొచ్చు. కోలగా వస్తే ఇంకా పనుంది."

బాక్సు: గూడెంలో రేలంగి

హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెంలో స్థిరపడి, తన పేరనే 'రేలంగి చిత్రమందిర్' కట్టించారు. 1975లో కన్నుమూశారు. తెలుగు టీవీ తెర మీద ఆయన హయాం ఆ తర్వాతే మొదలైంది. వారాంతపు పాత సినిమాల్లో ఆయన కనిపించగానే గూడెం ఇళ్లలో "మన రేలంగోడు" అనేవారు, ఆయన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా.

ఆఖరి పేజీలు

1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. మరుసటి ఏడాది బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా'. పొద్దున్నే రైతులకి 'అన్నదాత'. దూరదర్శన్‌లో యద్దనపూడి కథతో మంజులానాయుడు తీసిన 'ఋతురాగాలు' సాయంత్రాలని కట్టిపడేసింది. 2001 నవంబరు నుంచి ఆదివారం రాత్రులు జెమినిలో 'అమృతం', 313 భాగాలు. ఇప్పుడు యూట్యూబులో వాటిని చూసే కుర్రాళ్లలో సగం మంది అప్పటికి పుట్టలేదు. తెలుగు టీవీ నిజంగా తెలుగులో మాట్లాడింది ఈ దశలోనే. ఎనభైల మీద బెంగపడేవాళ్లు ఈ సంగతి సులువుగా మర్చిపోతారు. నాకు 'ఋతురాగాలు' ముందు 'బునియాద్' దిగదుడుపే. కావాలంటే పోట్లాడండి.

పుస్తకంలో మాత్రం ఈ వైభవం జాడ లేదు. కేబుల్ వచ్చాక యాంటెనా పద్దులు తగ్గాయి. "రిమోటు కింద పడింది", "కేబుల్ వాడు రాలేదు (మన పని కాదు)" లాంటివి మిగిలాయి. శనివారానికీ మంగళవారానికీ తేడా పోయింది. రోజంతా ఏదో ఒకటి వస్తుంటే ఎవరికి అర్జంటు? 2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ మళ్లీ రామాయణం వేసింది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని ప్రకటించింది కూడా. "అంతమంది చూశారు గదండీ, ఒక్కడైనా సెట్టు తెచ్చాడా?" అని పెద్దాయన గునిశారు. షాపు మూసి ఉన్న సంగతి గుర్తుచేస్తే, "ఆయ్, తెరిచున్నా తేరు" అన్నారు.

పుస్తకం ఫొటో తీసుకోనిచ్చారు. ఇంటిపేర్లు కనబడకుండా తీయమన్నారు. ఆరో గడి మాత్రం స్పష్టంగా పడాలన్నారు. అది బాకీల గడి. పట్టాభిషేకం ముందురోజు అర్జంటని తీసుకెళ్లినవాళ్లు, మహాభారతం అయ్యాక ఇస్తామన్నవాళ్లు, కోతలయ్యాక అన్నవాళ్లు అందులో ఉన్నారు. "పేర్లు వద్దు బాబూ, బాగోదు. కానీ ఇలా బాకీలున్నాయని వేయండి. ఇప్పుడు రామాయణం సెల్లులో చూస్తున్నారంట గదా, సెల్లులోనే పంపమనండి" అని షాపు గోడ మీద మనవడు అంటించిన క్యూఆర్ కోడ్ చూపించారు.